తండ్రి పేరు తెలియని రాజు

హ్యారీ పోటర్ పేరు వినని పిల్లలు మన బడిలో చాలా తక్కువ. పుస్తకం చదవనివాళ్ళు కూడా సినిమా చూసి ఉంటారు. అమ్మానాన్నలు లేని పిల్లవాడు పెద్దమ్మ ఇంట్లో మెట్ల కింది చిన్న గదిలో పెరుగుతాడు. పదకొండో ఏట అసలు సంగతి తెలుస్తుంది. వాళ్ళ అమ్మానాన్నలు మంత్రవిద్య తెలిసినవాళ్ళు, మంచి పేరున్నవాళ్ళు. కొడుకు కోసం బ్యాంకులో బంగారు నాణేలు కూడా దాచిపెట్టి పోయారు. ఆ మొదటి పుస్తకం 1997లో వచ్చింది.

దానికి 33 సంవత్సరాల ముందే ఇంకొక అనాథ బాలుడు పిల్లల పుస్తకాల్లోకి వచ్చాడు. అతని పేరు తారన్. అతని ఉద్యోగం ఏమిటో తెలుసా? పందుల కాపరికి సహాయకుడు. ఆ ఇంట్లో ఉన్నదేమో ఒకే ఒక పంది! అతని కథ అయిదు పుస్తకాలుగా వచ్చింది. మొత్తం వరుసను ప్రిడెయిన్ కథలు అంటారు. అయిదూ ఇంగ్లీషులో ఉన్నాయి. నేను నిఘంటువు పక్కన పెట్టుకొని నెమ్మదిగా చదివాను. చదువుతున్నంతసేపూ ఒకటే ఎదురుచూశాను, తారన్ నాన్న ఎవరో ఎప్పుడు చెబుతారా అని. అయిదో పుస్తకం అయిపోయింది. చెప్పలేదు. రచయిత మరిచిపోయి వదిలేశాడా అంటే అదీ కాదు. కావాలనే చెప్పలేదు.

అది ఎందుకు పెద్ద సంగతో తెలియాలంటే ఈ కథ వెనక ఉన్న చరిత్ర కొంచెం తెలియాలి. అందుకే ఈ వ్యాసం.

రచయిత ఎవరు?

ఈ కథలు రాసినాయన లాయిడ్ అలెగ్జాండర్. 1924లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పుట్టాడు. 1929లో అమెరికాలో షేర్ మార్కెట్ కూలిపోయిందని మనం చరిత్ర పాఠంలో చదువుకుంటాం. ఆయన తండ్రిది ఆ షేర్ల వ్యాపారమే. కాబట్టి ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వచ్చింది. అలెగ్జాండర్ చదువు అయ్యాక ఒక బ్యాంకులో కాగితాలు అటూ ఇటూ మోసే పనికి కుదిరాడు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరాడు.

సైన్యం ఆయన్ను శిక్షణ కోసం వేల్స్‌కు పంపింది. వేల్స్ బ్రిటన్ దీవికి పడమటి వైపున్న చిన్న దేశం. కొండలు, పాత కోటలు, సముద్రం ఉంటాయి. ఇంగ్లీషు కాకుండా వాళ్ళకు వెల్ష్ అనే సొంత భాష ఉంది. పక్కనే ఇంగ్లీషు లాంటి పెద్ద భాష ఉన్నా దాన్ని ఇప్పటికీ కాపాడుకుంటూ ఉన్నారు. రెండు భాషల మధ్య పెరిగే మనకు ఆ సంగతి బాగానే అర్థమవుతుంది. అక్కడి నుంచి అలెగ్జాండర్ ఫ్రాన్స్, జర్మనీ వైపు యుద్ధానికి వెళ్ళాడు. యుద్ధం ముగిశాక పారిస్‌లో కొంతకాలం చదువుకొని, అక్కడే పెళ్ళి చేసుకొని, అమెరికాకు తిరిగి వచ్చాడు. చాలా సంవత్సరాలు పెద్దవాళ్ళ కోసం రాశాడు, అంత పేరు రాలేదు. 1963లో వచ్చిన ఒక పిల్లల పుస్తకం రాస్తూ వేల్స్ పాత కథలను మళ్ళీ తిరగేశాడు. అక్కడే ఆయనకు ప్రిడెయిన్ దొరికింది. ప్రిడెయిన్ అంటే వెల్ష్ భాషలో బ్రిటన్ దీవికి ఉన్న పాత పేరు.

1964లో మొదటి పుస్తకం ‘ది బుక్ ఆఫ్ త్రీ’ వచ్చింది. 1965లో ‘ది బ్లాక్ కాల్డ్రన్’, 1966లో ‘ది కాజిల్ ఆఫ్ లిర్’, 1967లో ‘తారన్ వాండరర్’, 1968లో ‘ది హై కింగ్’ వచ్చాయి. అంటే సంవత్సరానికి ఒకటి. చివరిదానికి 1969లో న్యూబెరీ పతకం ఇచ్చారు. అమెరికాలో పిల్లల పుస్తకాలకు అది చాలా పెద్ద గౌరవం. అలెగ్జాండర్ 2007లో చనిపోయాడు.

పాత కథల్లో దొరికిన బిడ్డ

వేల్స్ పాత కథల సంపుటిని ‘మాబినోగియన్’ అంటారు. ఆ కథలను 14వ శతాబ్దంలో, 15వ శతాబ్దం మొదట్లో చేత్తో రాసిన రెండు పెద్ద పుస్తకాలు కాపాడాయి. ఒకదాన్ని తెల్ల పుస్తకం, ఇంకొకదాన్ని ఎర్ర పుస్తకం అంటారు. 19వ శతాబ్దంలో లేడీ షార్లెట్ గెస్ట్ అనే ఆవిడ వాటిని ఇంగ్లీషులోకి అనువదించింది. అప్పటి నుంచే బయటి ప్రపంచానికి అవి బాగా తెలిశాయి.

అందులో మొదటి కథలోనే ఒక దొరికిన బిడ్డ ఉన్నాడు. పూయిల్ అనే రాజుకు, రియానన్ అనే రాణికి కొడుకు పుడతాడు. పుట్టిన రాత్రే బిడ్డ మాయమైపోతాడు. దూరంగా ఇంకొక ఊళ్ళో టేర్నన్ అనే ఆయనకు తన గుర్రపుశాల దగ్గర ఒక బిడ్డ దొరుకుతాడు. ఆయనా ఆయన భార్యా కన్నకొడుకులా పెంచుతారు. పిల్లవాడు పెరిగేకొద్దీ ముఖం అచ్చం రాజు ముఖంలా కనబడుతుంది. టేర్నన్ మంచివాడు కాబట్టి తీసుకెళ్ళి తల్లిదండ్రులకు అప్పగిస్తాడు. ఆ బిడ్డ పేరు ప్రడెరి. తర్వాత అతనే రాజవుతాడు.

ఇలాంటి కథ మనకు కొత్త కాదు. పాత కథల్లో దొరికిన బిడ్డ ఎక్కువసార్లు రాజుగారి బిడ్డే అవుతాడు. ఒంటి మీద ఒక పుట్టుమచ్చో, మెడలో ఒక గొలుసో, వేలికి ఒక ఉంగరమో ఉంటుంది. చివర్లో అది చూసి గుర్తుపడతారు. బ్రిటన్‌వాళ్ళ ఆర్థర్ రాజు కథ కూడా అంతే. ఇంకొకరి ఇంట్లో పెరిగిన పిల్లవాడు రాతిలోంచి కత్తి లాగుతాడు, రాజుగారి కొడుకని తేలుతుంది.

తర్వాతి కాలం నవలలు కూడా ఈ దారినే పోయాయి. చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఆలివర్ ట్విస్ట్’ 1837 నుంచి 1839 వరకు పత్రికలో వచ్చింది. 1834లో ఇంగ్లండులో పేదల చట్టం మార్చారు. సహాయం కావాలంటే వర్క్‌హౌస్ అనే ఇంట్లో చేరి కష్టమైన పని చేస్తూ ఉండాలి. తిండి చాలీచాలదు. అటువంటి ఇంట్లో పుట్టిన అనాథే ఆలివర్. ఆ ఇళ్ళు ఎంత ఘోరంగా ఉన్నాయో డికెన్స్ ధైర్యంగా రాశాడు. కానీ చివరికి ఆలివర్ కూడా ఒక కలవారి కొడుకే అని తేలుతుంది, ఆస్తిలో వాటా వస్తుంది. 1954లో సి.ఎస్. లూయిస్ రాసిన ‘ది హార్స్ అండ్ హిస్ బాయ్’ నార్నియా కథల్లో ఒకటి. అందులో షాస్తా అనే పిల్లవాడు జాలరి ఇంట్లో పెరుగుతాడు. చివరికి అతను కూడా తప్పిపోయిన రాకుమారుడే!

ఇక మన మహాభారతంలో కర్ణుడు ఉన్నాడు. సూతుడి ఇంట్లో పెరిగాడు. విలువిద్య ప్రదర్శన రోజు అర్జునుడితో పోటీకి దిగితే, కృపాచార్యుడు నీ కులమేమిటి, తల్లిదండ్రులెవరు అని అడుగుతాడు. కర్ణుడు తల దించుకుంటాడు. చదివిన ప్రతిసారీ మనకు బాధ కలుగుతుంది. ఎందుకంటే కర్ణుడు కుంతీదేవి కొడుకని మనకు తెలుసు, అక్కడున్నవాళ్ళకు తెలియదు. నాకు ఇక్కడే ఒక అనుమానం వచ్చింది. ఒకవేళ కర్ణుడు నిజంగా సూతుడి కొడుకే అయి ఉంటే? అప్పుడు కృపాచార్యుడు అడిగింది న్యాయమవుతుందా? అప్పుడు మన బాధ తగ్గాలా? తగ్గకూడదు కదా.

తారన్ కథ సరిగ్గా ఈ ప్రశ్న దగ్గర నిలబడుతుంది.

పేరులోనే తండ్రి

వేల్స్‌లో పాతకాలంలో మనిషి పేరు చెప్పాలంటే తండ్రి పేరు కూడా చెప్పాల్సిందే. ‘ఆప్’ అంటే కొడుకు. లెవెలిన్ ఆప్ గ్రిఫిద్ అంటే గ్రిఫిద్ కొడుకైన లెవెలిన్ అన్నమాట. కూతురైతే ‘వెర్ఖ్’ అనేవాళ్ళు. 16వ శతాబ్దంలో, ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో, వేల్స్‌ను చట్టం ద్వారా ఇంగ్లండులో కలిపేశారు. ఆ తర్వాత నెమ్మదిగా ఇంగ్లీషువాళ్ళలా మారని ఇంటిపేర్లు వచ్చాయి. ఆప్ రీస్ అనేది ప్రైస్ అయింది. ఆప్ హవెల్ అనేది పావెల్ అయింది. ఆప్ రిచర్డ్ ప్రిచర్డ్ అయింది. ఇప్పుడు ప్రైస్ అనే పేరు ఎక్కడైనా చూస్తే, దాని మొదటి అక్షరంలో ‘కొడుకు’ అనే మాట దాక్కొని ఉందని గుర్తుపట్టవచ్చు.

పేరు మాత్రమే కాదు, చట్టం కూడా బంధువుల మీదే నడిచేది. 10వ శతాబ్దపు రాజు హవెల్ పేరు మీద ఉన్న వేల్స్ చట్టాల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరినైనా చంపితే చంపినవాడి బంధువులందరూ కలిసి, చనిపోయినవాడి బంధువులకు పరిహారం కట్టాలి. భూమి కూడా వంశాన్ని బట్టే వచ్చేది. అంటే తండ్రి ఎవరో తెలియకపోతే పొలం లేదు, చంపినా అడిగే దిక్కు లేదు. అటువంటి లోకంలో అనాథ అంటే ప్రేమ లేనివాడు మాత్రమే కాదు, లెక్కలోనే లేనివాడు.

అలెగ్జాండర్ పుస్తకాల్లో కూడా పెద్దవాళ్ళ పేర్లు ఇలాగే ఉంటాయి. ఫలానావారి కొడుకు, ఫలానావారి కూతురు అని చెప్పుకుంటారు. కథలో రాకుమారి ఎయిలోన్వీ అయితే తన తల్లి పేరు, అమ్మమ్మ పేరు కూడా కలిపి చెబుతుంది. తారన్ దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదు. పెరిగిన చోటు పేరు చెబుతాడు, కాయర్ డాల్‌బెన్ తారన్ అని. ఇంకొక విచిత్రం ఉంది. మాబినోగియన్ రెండో కథలో తారన్ అనే పేరు ఒక చోట కనబడుతుంది, అయితే అది వేరొకరి తండ్రి పేరుగా! యుద్ధంలో బతికి బయటపడిన ఏడుగురిలో ఒకాయన తారన్ కొడుకు. వెల్ష్‌లో తారన్ అంటే ఉరుము.

ఇది చదివినప్పుడు మా హోసూరు వైపు పేర్లు గుర్తొచ్చాయి. తమిళనాడులో పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం పెడతారు. ఇది కూడా ఒక రకం ‘ఆప్’ లాంటిదే కదా! ఆంధ్రాలోని మన చుట్టాలకు ముందు ఇంటిపేరు ఉంటుంది. మాకు ఇంటిపేరు ఉంది కానీ అది పెళ్ళి శుభలేఖలోనే బయటికి వస్తుంది, బడి రిజిస్టరులో ఉండదు. చిత్తూరు వైపు పెళ్ళికి వెళితే మీరు తమిళనాడోళ్ళు కదా అంటారు. ఇక్కడేమో మీది ఆంధ్రాలో ఏ ఊరు అని అడుగుతారు. మా అవ్వను అడిగితే, మీ తాత తాతకు కూడా తెలీదురా, మనం ఈ మట్టిలో పుట్టినోళ్ళమే అంటుంది. ఎక్కడి నుంచి వచ్చామో చెప్పలేకపోవడం అంటే ఏమిటో మాలాంటి చాలా ఇళ్ళకు తెలుసు. తారన్ కష్టం దీనికంటే చాలా పెద్దది. కానీ అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: నువ్వు ఎవరి మనిషివి?

తారన్ వెతుకులాట

కాయర్ డాల్‌బెన్ ఒక చిన్న పొలం. అక్కడ డాల్‌బెన్ అనే ముసలి మాంత్రికుడు, కోల్ అనే ఆయన, తారన్ ఉంటారు. కోల్ ఒకప్పుడు పెద్ద వీరుడు. ఇప్పుడు కూరగాయలు పండిస్తాడు. భవిష్యత్తు చెప్పగల హెన్ వెన్ అనే తెల్ల పందిని చూసుకుంటాడు. ఇది కూడా అలెగ్జాండర్ ఊరికే అల్లిన పేరు కాదు. వేల్స్ పాత పద్యాల్లాంటి మూడేసి జాబితాలు ఉన్నాయి. వాటిలో ముగ్గురు గొప్ప పందుల కాపరులు అనే జాబితా ఉంది. కోల్ ఆ ముగ్గురిలో ఒకడు. హెన్ వెన్ అతను కాసిన పందే.

తారన్‌కు మొదట్లో కత్తి కావాలి, యుద్ధం కావాలి, వీరుడు కావాలి. కోల్ అతనికి గుర్రపు లాడం కొట్టడం నేర్పుతాడు. ఏదో ఒక పదవి కావాలని గోల చేస్తుంటే, సరే, నువ్వు పందుల కాపరికి సహాయకుడివి అని పేరు పెడతారు. పంది తప్పించుకొని అడవిలోకి పారిపోతుంది. వెతకడానికి పోయిన తారన్‌కు గ్విడియన్ అనే మహావీరుడు కలుస్తాడు. మాసిపోయిన పాత బట్టలు వేసుకొని ఉంటాడు కాబట్టి తారన్ నమ్మడు. గొప్పవాడంటే బట్టలు మెరవాలి అనుకుంటాడు. ఇక్కడ మొదలైన పాఠం అయిదో పుస్తకం దాకా నడుస్తుంది.

నాలుగో పుస్తకం ‘తారన్ వాండరర్’ నాకు అన్నిటికంటే నచ్చింది. అందులో పెద్ద యుద్ధం లేదు. తారన్‌కు ఎయిలోన్వీ అంటే ఇష్టం. ఆమె రాకుమారి. అడగాలంటే తానెవరో ముందు తెలియాలి. తాను కూడా గొప్ప వంశంలో పుట్టి ఉంటే బాగుండు అని ఆశ. డాల్‌బెన్ దగ్గర సెలవు తీసుకొని, గర్గీ అనే నేస్తంతో బయలుదేరుతాడు. లునెట్ అద్దంలో చూస్తే నువ్వెవరో తెలుస్తుంది అని చెబుతారు.

దారిలో కొండల్లో ఒక కుంటి గొర్రెల కాపరి కనబడతాడు. పేరు క్రాడక్. నీ తండ్రిని నేనే అంటాడు. తారన్ గుండె జారిపోతుంది. వెతికింది రాజును, దొరికింది పేద కాపరి. పారిపోవాలనిపిస్తుంది. అయినా ఉండిపోతాడు. కూలిన గోడలు కడతాడు, గొర్రెలు కాస్తాడు. ఒకరోజు క్రాడక్ లోయలో పడిపోతాడు. చావు దగ్గర పడిందని తెలిసి నిజం చెబుతాడు. నువ్వు నా కొడుకువి కాదు, తోడు లేక అబద్ధం చెప్పాను అని. తారన్‌కు మొదట కోపం, తర్వాత ఇంకా భయంకరమైనది వస్తుంది, సంతోషం! వదిలేసి పోతే ఎవరూ అడగరు. ఆ సంతోషానికి తనమీద తనకే అసహ్యం వేస్తుంది. తన తండ్రి కాదని తెలిసినా ఆ మనిషిని వదిలేయకుండా కాపాడడానికి ప్రయత్నిస్తాడు.

తర్వాత తారన్ స్వతంత్ర కోమట్లు అనే పల్లెలకు చేరతాడు. కోమట్ అంటే వేల్స్‌లో పాతకాలపు చిన్న పాలన విభాగం, మన తాలూకా లాంటిది. కథలో ఈ పల్లెలకు రాజు లేడు. కమ్మరి దగ్గర తన కత్తి తాను చేసుకుంటాడు. నేతగత్తె దగ్గర తన దుప్పటి తాను నేసుకుంటాడు. అన్‌లా అనే కుమ్మరి దగ్గర కుండలు చేయడం నేర్చుకుంటాడు. కుమ్మరి పని అంటే ప్రాణం, కానీ చేతిలో ఆ వరం లేదని తెలుసుకుంటాడు. ఎంత ఇష్టమున్నా అందరికీ అన్నీ రావని ఒప్పుకోవడం అతనికి చాలా కష్టంగా ఉంటుంది.

చివరికి లునెట్ అద్దం దొరుకుతుంది. అది అద్దమే కాదు, ఒక గుహలో నిలిచిన కాసిన్ని నీళ్ళు. వంగి చూస్తే కనబడింది తన ముఖమే. రాజు కాదు, తండ్రి కాదు, ఇన్ని పనులు చేసి ఇంత దూరం నడిచిన తారన్ ముఖం. అంతే. అది చాలు అని తిరిగి ఇంటికి బయలుదేరతాడు.

కత్తి మీది రాత

చరిత్ర వ్యాసం అన్నాను కాబట్టి, పాత కథను అలెగ్జాండర్ ఎక్కడ మార్చాడో చూపించాలి. దానికి అన్నిటికంటే మంచి సాక్ష్యం ఒక కత్తి.

బ్రిటన్ దీవి పదమూడు నిధులు అని వేల్స్‌లో ఒక పాత జాబితా ఉంది. అందులో డిర్న్‌విన్ అనే కత్తి ఉంది. అది రిదెర్ఖ్ అనే రాజుది. మంచి వంశంలో పుట్టినవాడు దాన్ని ఒరలోంచి లాగితే మంటలా మండుతుందట. ఆ రాజు ధర్మాత్ముడు, అడిగినవాళ్ళకు ఇస్తాననేవాడు. కానీ ఆ సంగతి తెలిసి ఎవరూ తీసుకునేవాళ్ళు కాదట. అంటే పాత జాబితాలో కత్తి చూసేది పుట్టుకను.

అలెగ్జాండర్ అదే కత్తిని, అదే పేరుతో తన కథలోకి తెచ్చాడు. మొదటి పుస్తకంలో ఒర మీది పాత రాతను ఎయిలోన్వీ చదువుతుంది. రాజరక్తం ఉన్నవాడే తీయాలని ఆమెకు అర్థమవుతుంది. తారన్ కొంచెం లాగి చూస్తే చెయ్యి కాలుతుంది. అయితే చివరి పుస్తకంలో ఆ రాత అసలు అర్థం తేలుతుంది. అక్కడ ఉన్నది రాజరక్తం అని కాదు, గొప్ప యోగ్యత అని! ఆ కత్తితోనే తారన్ మృత్యువుకు ప్రభువైన అరాన్‌ను ఓడిస్తాడు. ఎవరి కొడుకో తెలియని పందుల కాపరి చేతిలో అది మండి వెలుగుతుంది.

ఇంకొక మార్పు కూడా చేశాడు. గుర్రపుశాల దగ్గర దొరికి, రాజుగారి కొడుకని తేలిన ప్రడెరి గుర్తున్నాడు కదా? అలెగ్జాండర్ చివరి పుస్తకంలో ప్రడెరి ఒక గొప్ప రాజుగా వస్తాడు. బట్టలు మెరుస్తాయి, వెనక పెద్ద సైన్యం ఉంటుంది. అందరూ సాయానికి వచ్చాడు అనుకుంటారు. కానీ అతను శత్రువు పక్షాన చేరి ద్రోహం చేస్తాడు. పాత కథలో అనాథగా దొరికిన రాకుమారుడు కొత్త కథలో ద్రోహి, కొత్త కథలో దొరికిన ఎవరూ కాని పిల్లవాడు రాజు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, అలెగ్జాండర్ పాత కథతో మాట్లాడుతున్నాడని, కొంచెం గొడవ కూడా పడుతున్నాడని నాకనిపించింది.

ఈ పుస్తకాలు వచ్చిన దేశాన్ని, కాలాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. 1787లో రాసుకున్న అమెరికా రాజ్యాంగం ప్రభువు, దొర లాంటి బిరుదులు ఇవ్వకూడదని చెప్పింది. అయినా అదే దేశంలో నల్లజాతివాళ్ళను పుట్టుకను బట్టి దూరం పెట్టారు. మొదటి పుస్తకం వచ్చిన 1964లోనే అక్కడ పౌరహక్కుల చట్టం వచ్చింది. రెండోది వచ్చిన 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చింది. పుట్టుక గొప్పదా, మనిషి గొప్పవాడా అని దేశమంతా వాదించుకుంటున్న రోజుల్లో పిల్లలు తారన్ కథ చదివారు. మన రాజ్యాంగం 15వ అధికరణం కూడా కులాన్ని బట్టి, పుట్టిన చోటును బట్టి తేడా చూపకూడదని చెబుతుంది. అది మనకు పాఠంలో ఉన్నదే.

చివరికి తెలిసింది ఏమిటి?

యుద్ధం అయిపోయాక గ్విడియన్ వాళ్ళంతా బంగారు ఓడల్లో ఎండాకాలపు దేశానికి వెళ్ళిపోతారు. అక్కడ చావు లేదు, కష్టం లేదు. తారన్‌ను కూడా రమ్మంటారు. అతను రానంటాడు. చనిపోయినవాళ్ళకు ఇచ్చిన మాటలున్నాయి. పూర్తి చేయాల్సిన సముద్రపు గోడ ఉంది, దున్నాల్సిన పొలాలున్నాయి. అవన్నీ ఎవరు చేస్తారు అంటాడు. ఉండిపోతాను అన్న తర్వాతే డాల్‌బెన్ అతనికి రాజువి నువ్వే అని చెబుతాడు.

అప్పుడే పుట్టుక సంగతి కూడా చెబుతాడు. ఒక యుద్ధం జరిగిన చోట అందరూ చచ్చిపడి ఉన్నారు. పక్కన చెట్ల మధ్య ఎవరో దాచిన పసిబిడ్డ బతికి ఉంది. ఒంటి మీద గుర్తు లేదు, ఉంగరం లేదు. దొరగారి బిడ్డో, కూలివాళ్ళ బిడ్డో చెప్పడానికి ఎవరూ మిగలలేదు. పుట్టుకను బట్టి ఏ అంతస్తూ లేనివాడే రాజు కాగలడని డాల్‌బెన్ పుస్తకంలో ఉంది. అందుకే ఆ బిడ్డను తెచ్చి పెంచాడు.

ఇక్కడ ఒక ప్రశ్న అడగవచ్చు. ముందే పుస్తకంలో రాసి ఉంటే ఇందులో తారన్ గొప్పేముంది, రక్తం బదులు తలరాత వచ్చింది, అంతే కదా అని. నేనూ అలాగే అనుకున్నాను. కానీ డాల్‌బెన్ ఇంకొక మాట చెబుతాడు. ఆ పుస్తకంలో ఉన్నదంతా ‘అయితే’ మీద ఆధారపడి ఉంటుందట. ఇలా చేస్తే అలా అవుతుంది అని తప్ప, అవుతుంది అని లేదు. తారన్ ఓడ ఎక్కి ఉంటే రాజు అయ్యేవాడే కాదు. క్రాడక్‌ను లోయలో వదిలేసి ఉంటే కూడా, నా లెక్కలో, అయ్యేవాడు కాదు.

ఈ కథలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. తారన్‌కు తల్లిదండ్రులు లేరు, కానీ పెంచినవాళ్ళు లేకపోలేదు. డాల్‌బెన్ ఉన్నాడు, కోల్ ఉన్నాడు, పని నేర్పిన కమ్మరి, నేతగత్తె, కుమ్మరి ఉన్నారు. చివరి యుద్ధానికి తారన్ పిలిస్తే స్వతంత్ర కోమట్ల జనం అతని వెనక వస్తారు. రాజుగారి కొడుకని వాళ్ళు రాలేదు. తమతో కలిసి పనిచేసినవాడు పిలిచాడని వచ్చారు. రక్తంతో రాని బంధువులు పనితో వచ్చారు.

మన తరగతుల్లో అమ్మానాన్న లేని పిల్లలు ఉంటారు. అవ్వ దగ్గరో, మేనమామ దగ్గరో, హాస్టల్లోనో పెరుగుతారు. ఏదైనా ఫారం నింపేటప్పుడు తండ్రి పేరు అనే గడి దగ్గర వాళ్ళ పెన్ను ఆగుతుంది. అటువంటి వాళ్ళకు కథల పుస్తకాలు ఎప్పుడూ ఒకటే చెబుతూ వచ్చాయి, ఓర్చుకో, చివర్లో నువ్వు రాజుగారి బిడ్డవని తేలుతుంది అని. వినడానికి బాగుంటుంది. కానీ ఎవరికీ అలా తేలదు. అలెగ్జాండర్ ఆ అబద్ధం చెప్పలేదు. ఆ గడి ఖాళీగానే ఉండవచ్చు, దాని పక్కన నీ పేరు నువ్వే రాసుకోవాలి అన్నాడు.

అన్ని వెల్ష్ పేర్లు చూసి భయపడకండి. మొదటి యాభై పేజీలు దాటితే అలవాటైపోతాయి. మొదటి పుస్తకం నుంచే వరసగా చదవండి. కోల్ కూరగాయల పాదుల మధ్య పని చేస్తుంటే, పక్కన తారన్ కత్తి కావాలని గొణుగుతూ ఉంటాడు. ఇద్దరిలో ఎవరు వీరుడో మొదట్లో తెలియదు. అయిదో పుస్తకం అయ్యేసరికి తెలుస్తుంది.